జోడుమెట్ట, మూడో బండ

బరంపురం,
ఫిబ్రవరి 23, ఆదివారం

నా పద్మకి,

"నా" అని రాసేసి దానికేసి చూస్తూ కూర్చున్నాను. కొట్టేద్దామనుకున్నాను. కాలేజీ రోజుల నుంచి రాస్తున్న మాట కదా, చెయ్యి దానంతట అదే రాసేసింది. ఉండనీలే. నీకు ఉత్తరం రాయడం ఇదే ఆఖరు కావచ్చు, ఆ ఒక్క మాటకీ ఏం తగువు పెట్టుకుంటాను.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తినా మంచిది కాదు, నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, అసలు విషయం మిగిలిపోతుంది. మెసేజ్ పెడితే చదివి చెరిపేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను. దిగపహండి బస్సు కండక్టరుకిచ్చి మీ కొట్లో అందించమంటాను. నువ్వు మీ ఆయన ఎదురుగానే చదువుతావో, వంటింట్లో దాక్కుని చదువుతావో నీ ఇష్టం.

శుక్రవారం బడికి సెలవు పెట్టి ఒక్కదాన్నే జోడుమెట్టకి వెళ్లాను. ఏటా ఫిబ్రవరిలో ఇద్దరం వెళ్లేవాళ్లం. ఈ ఏడు "పిల్లాడికి పరీక్షలు" అన్నావు. రెండో తరగతి పిల్లాడికి ఫిబ్రవరిలో పరీక్షలేమిటే అని అప్పుడే అనుకున్నాను, అడగలేదు. గుడారం, స్టవ్వు, కెమెరా, ఆ బరువైన పెద్ద లెన్సు, అన్నీ ఒక్కదాన్నే మోసుకుంటూ మెట్ట ఎక్కేసరికి తెల్లగా తెల్లారింది. మన మామూలు చోట, వాగుకి ఇవతల, ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని దాని వెనక కూర్చున్నాను. నాన్న కొట్లో మిగిలిన కట్‌పీసు అది, నీకు గుర్తుందిగా, మనం దాన్ని "చీర" అనేవాళ్లం. లెన్సు మూడో బండ మీదికి తిప్పాను.

ఏమీ లేదు పద్మా. గూడు అంచున ఈకలు, ఒక తాడు ముక్క. అంతే. తాడు అక్కడికి ఎలా వస్తుంది? పైనుంచి ఎవరో తాడు కట్టుకుని దిగారు. పోయినేడు ఇదే రోజుల్లో రెండు పిల్లలు, బూడిదరంగు దూదిముద్దల్లా, మెడలు అటూ ఇటూ తిప్పి మనల్ని చూస్తుంటే నువ్వు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వావు. ఈ ఏడు మూడు పొదిగాయట. మూడూ పోయాయి. తల్లి గుడ్లగూబ పక్క బండ మీద పట్టపగలు, ఎండలో కూర్చుని ఉంది. కాకులు పొడుస్తున్నా లేవలేదు. నేను కెమెరా పక్కన పెట్టేసి బావురుమన్నాను.

కిందికి దిగితే ఊరు ఊరంతా అసిరయ్య తాత ఇంటి ముందు ఉంది. ఆయన గుమ్మంలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా అటవీ ఆఫీసుకి పిలిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెడుతున్నారట. గూడు సంగతి ఆయనకొక్కడికే తెలుసు కాబట్టి ఆయనే పిల్లల్ని చేతబడులవాళ్లకి అమ్మేశాడని వాళ్ల లెక్క. దొంగ దొరికేదాకా ఆయన మేకలు మెట్ట ఎక్కకూడదన్నారు. ముప్పై నాలుగు మేకలు పాకలో అరుస్తున్నాయి పద్మా. వాటికి ఏం పెడతాడు? డెబ్బై ఏళ్ల మనిషి, భార్య లేదు, ఆ మేకలే ఆయన బతుకు. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా?

"నానెవులికీ సెప్పనేదమ్మా. మీ ఇద్దరికే సూపించినాను. మీరు సెప్పరు గదా."

అడగలేదు, నిలదీయలేదు. "మీరు సెప్పరు గదా" అన్నాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

నీకు గుర్తు చేయాలా? మూడేళ్ల క్రితం ఆయన ఫొటో ప్రింటు తీసి ఇచ్చాం. మేక పిల్లని భుజాన వేసుకుని నవ్వుతున్నది. తన మొహం తాను కాగితం మీద అదే మొదటిసారి చూసుకోవడం. దానికి బదులుగా ఏమివ్వాలో తెలియక మనల్ని మూడో బండ దగ్గరికి తీసుకెళ్లాడు. వెళ్లే ముందు ఆపి, "సూడమ్మా, ఈ రాయి ముట్టుకోండి. సూసినాను, సెప్పను, అని ఒక్క మాట అనండి. మా అయ్య నాకు సూపించినప్పుడు నాసేతా ఇలాగే అనిపించినాడు" అన్నాడు. నేనన్నాను. నువ్వూ అన్నావు. నువ్వు రెండుసార్లు అన్నావు, సరిగ్గా వినిపించలేదేమోనని.

గూడు తెలిసింది ముగ్గురికి. తాత చెప్పలేదు. నేను చెప్పలేదు. నువ్వే లెక్క చూసుకో.

నాకు తెలుసు ఎలా జరిగిందో. మీ తమ్ముడు అనుదీప్ జీపు కొని "శని ఆదివారాలు అడవిలో క్యాంపు" అని బోర్డు పెట్టుకున్నాడు. భువనేశ్వర్ నుంచి జనాన్ని తీసుకొచ్చి, పాటలు పెట్టి, చికెన్ కాల్చి, పక్షుల గూళ్లకి ఫ్లాష్ కొట్టించే రకం. సంక్రాంతి తర్వాత నుంచి నువ్వు నా మొహం చూడటం లేదు. కొట్టుకి వస్తావు, నాన్నతో గుసగుసలాడతావు, నేను దిగి వచ్చేసరికి వెళ్లిపోతావు. వాడు అడిగాడు, నువ్వు చెప్పావు. తమ్ముడు కదా, వాడి వ్యాపారం నిలబడాలి కదా. రాయి మీద చెయ్యి పెట్టి అన్న మాటకి ఏముంది, రాయి వచ్చి సాక్ష్యం చెబుతుందా?

నువ్వు నా నగలు ఎత్తుకుపోయినా ఇంత బాధ ఉండేది కాదు. నాన్నతో దెబ్బలాడి, అమ్మ ఏడుపు చూసి, చుట్టాలంతా "ఆడపిల్లకి కొండలేమిటి" అని మూతులు తిప్పుతుంటే, నీ ఒక్కదాని ధైర్యంతో ఎక్కాను ఆ కొండలు. మహేంద్రగిరి మీద చలిజ్వరం వస్తే రాత్రంతా నా పాదాలు నీ ఒళ్లో పెట్టుకున్నావు. ఆ మనిషేనా ఈ మనిషి? ఏ మొహం పెట్టుకుని మళ్లీ ఆ మెట్ట ఎక్కుదామనుకున్నావు?

చెప్పాల్సింది ఒకటుంది, దాచను. శనివారం ఆఫీసుకి వెళ్లి ఫారెస్టరు పూర్ణచంద్ర బాబుకి అనుదీప్ పేరు రాసిచ్చాను. సంతకం పెట్టాను. నువ్వు వచ్చి "అవును, నేనే చెప్పాను" అని ఒప్పుకుంటే తాత మేకలు మెట్ట ఎక్కుతాయి. రాకపోతే నీకూ నాకూ ఏమీ లేదు.

వాసవి


దిగపహండి,
ఫిబ్రవరి 27

వాసీ బంగారం,

బంగారం అని కావాలనే రాశాను. నువ్వు పళ్లు నూరుకుంటావని తెలుసు, నూరుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజే మా తమ్ముణ్ణి పిలిచారు. జీపు అక్కడే ఉంచేసుకున్నారు. రెండు రోజులు వాడు తిండి తినలేదు. వాడు ఫ్లాష్ కొట్టించే రకమేనే, నేనూ వాణ్ణి నానా తిట్లూ తిట్టాను. కానీ జోడుమెట్ట పేరు వాడు ఆ ఆఫీసులోనే మొదటిసారి విన్నాడు. మా అమ్మ నాకు ఫోన్ చేసి, "ఆ కోమటోరమ్మాయి మనింట్లో ఎన్ని పూటలు అన్నం తింది, ఏటే ఈ అన్యాయం" అని ఏడ్చింది. నేనేం చెప్పను? నన్ను అడక్కుండా, ఒక్క మాట అడక్కుండా వాడి పేరు రాసిచ్చేశావు. సంతకం కూడా పెట్టావు.

నీకు ఈ విషయం ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు చెప్పక తప్పదు. కూర్చుని చదువు.

మీ నాన్నగారు ప్రతి ఏడాదీ కొట్టు పేరుమీద క్యాలెండరు వేయిస్తారు కదా, ఊరూరా తన దగ్గర బట్ట కొనే కొట్లవాళ్లందరికీ పంచడానికి. ముప్పై ఏళ్లుగా అమ్మవారి బొమ్మ ఒక్కటే ఉండేది. ఈ ఏడు పన్నెండు పేజీలు, పన్నెండూ నువ్వు తీసిన ఫొటోలు, నీకు చెప్పకుండా నీ ప్రింట్లలోంచి తీసుకుని వేయించారు. జనవరి పేజీ చూసి నువ్వు నాకు ఫోన్ చేసి ఎగిరావు. "మా నాన్న మారాడే పద్మా, కొండలకి వెళ్తే కాళ్లు విరగ్గొడతానన్న మనిషి నా ఫొటో వేయించాడే" అన్నావు. మిగతా పేజీలు చూశావా అని అడిగాను. "మా ఇంట్లో రాని నెల తిప్పకూడదు, మా నాన్న చేతులు నరికేస్తాడు" అని నవ్వావు. మీ ఇళ్లల్లో ఆ పట్టింపు ఉంది. రాని నెల ముందే తిప్పితే ఆ నెల వ్యాపారం పడిపోతుందని. మా ఇళ్లల్లో లేదు. మావాడు ఆ రోజే అన్ని పేజీలూ తిప్పి బొమ్మలు చూశాడు. నవంబరు పేజీ దగ్గర ఆగి, "అమ్మా, గుడ్లగూబ" అన్నాడు.

మన గుడ్లగూబే. రెండు పిల్లలతో. నువ్వు పోయినేడు తీసినదే.

పైన ఒడియాలో, కింద తెలుగులో రాసి ఉంది. "లక్ష్మీవాహనం. జోడుమెట్ట తూర్పు వైపు, మూడో బండ ఎదురుగా, వాగుకి ఇవతల." రెండుసార్లు చదివాను. అది ఎవరి భాష వాసీ? నీదే. నీ చీటీ భాష. తొమ్మిదేళ్ల క్రితం నిన్ను కొండలకి పంపడానికి మీ నాన్న పెట్టిన షరతు గుర్తులేదూ? ఎక్కడికి వెళ్తున్నావో, గుడారం సరిగ్గా ఎక్కడ వేస్తావో చీటీ మీద రాసి గల్లాపెట్టె పక్క మేకుకి గుచ్చి వెళ్లాలని. తప్పిపోతే వెతుక్కుంటూ రావడానికి. నువ్వు బుద్ధిగా ప్రతిసారీ రాశావు. ఆయన ఒక్కటీ పారేయలేదు. ఫొటోల కింద ఏం రాయాలో తెలియక ఆ చీటీలు తీసి మక్కీకి మక్కీ దింపేశారు. ఇప్పుడు నీ ఇంట్లో గోడ దగ్గరికి వెళ్లు. జనవరి పేజీ కింద ఏముందో చదువు. "చిలికా, రంభ ఒడ్డు, రెండో పడవ రేవు, సరుగుడు తోట వెనక." నెల్లాళ్లు రోజూ చూశావు దాన్ని. ఒక్కసారైనా తట్టిందా?

మర్నాడే బరంపురం వచ్చాను. గేట్ బజార్‌లో కొట్టు ముందు ఆయన ఒక్కరే ఉన్నారు. చెప్పాను. ఆయన మొహం చూడాల్సింది నువ్వు. "ఏటమ్మా, గుడ్లగూబంటే మన ఆంధ్రా సుట్టాలు ఇల్లు కాళీ సేసి పోతారు, ఇక్కడ ఒడియావోళ్లకి లచ్చిందేవి బండి గదా, ఆవిడ పూజల నెలకి బాగుంటాదనుకున్నాను" అన్నారు. అలా అంటూనే కుర్చీలో కూలబడ్డారు. గూళ్ల చోటు బయట పెట్టకూడదని ఆయనకెవరు చెప్పారు? మనమిద్దరం ఏదీ ఇంట్లో చెప్పేవాళ్లం కాదుగా. నా చేతులు పట్టుకున్నారు. "దానికి సెప్పకమ్మా. తొమ్మిదేళ్లు నాతో మాట కలపనేదు. ఇప్పుడిప్పుడే నవ్వుతోంది" అన్నారు.

నేనేం చేయను? ఇద్దరం కలిసి క్యాలెండర్లు ఇచ్చిన కొట్ల జాబితా తీశాం. పన్నెండు రోజులు మా ఆయన మోపెడ్ మీద ఊరూరా తిరిగాను. "అచ్చుతప్పు పడింది" అని చెప్పి నవంబరు పేజీ చించుకొచ్చాను. నాలుగు వందలకి మూడు వందల ఎనభై. మీ ఇంట్లోది మాత్రం, పేజీ ఏదని నువ్వు అడుగుతావని చించలేదు. మిగతా ఇరవై దొరకలేదు. ఎవరో ఎవరికో ఇచ్చేశారు. ఇరవైయే కదా అనుకున్నాను. నీ మొహం చూస్తే చెప్పేస్తానని భయపడి నీకు దూరంగా ఉన్నాను.

అదీ జరిగింది. నేను ఒట్టు తప్పలేదు. మా తమ్ముడు జీపు ఇప్పించు.

పద్మ


బరంపురం,
మార్చి 9, ఆదివారం

పద్మా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి గోడ దగ్గరికి వెళ్లలేదు. రెండు గంటలు వెళ్లలేదు. నువ్వు అబద్ధం ఆడుతున్నావని అనుకోవడానికి ఎంత ప్రయత్నించానో నీకు తెలియదు. నిన్ను దొంగని చేసుకోవడం తేలిక. తర్వాత లేచి నవంబరు తిప్పాను. అమ్మ "ఓలమ్మ, ఏటే ఆ పని" అంటూ పరుగెత్తుకొచ్చింది. నాన్న భోజనం దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. అన్నం కలిపిన చెయ్యి పళ్లెంలోనే ఉంది.

నేను అరవలేదు. అరుద్దామనే నోరు తెరిచాను. ఎన్ని మాటలు పేర్చుకున్నానో. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, బీరువాలోంచి బిస్కట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. అన్నీ నా చీటీలు. నలభై ఏడు. మేకు గుచ్చిన చిల్లులతో, తారీఖు వరసలో.

"ఎందుకు దాచావు నాన్నా?" అన్నాను.

"నువ్వు ఏటేటి సూసావో నాకెలా తెలుస్తాదే మరి. నానెప్పుడైనా నీతో వచ్చానా. కొట్టు మూసాక ఇవి సదువుకునేవోడిని" అన్నాడు.

ఏం చేయమంటావు ఆ మనిషిని? ఒళ్లు మండిపోతోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి. నా ఫొటోలకి ఆయన ఇచ్చిన గౌరవమే ఆ గూటిని ముంచింది. ఆ చీటీ రాసింది నేను. నోరు కట్టుకుని కూర్చున్నానని గొప్పగా మిడిసిపడ్డాను, చేతులారా చోటు రాసి మేకుకి గుచ్చి వెళ్లాను. మూడో బండ అని కూడా రాశాను చూడు. "తూర్పు వైపు" అంటే సరిపోయేది. నేను అంత పద్ధతైన పిల్లని.

సోమవారం నాన్నా నేనూ అటవీ ఆఫీసుకి వెళ్లాం. చీటీ, క్యాలెండరు పూర్ణచంద్ర బాబు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాం. ఆయన నవంబరు పేజీ చూశాడు. చూసి, కుర్చీలో వెనక్కి తిరిగాడు. ఆయన తల వెనక గోడ మీద మా కొట్టు క్యాలెండరే వేలాడుతోంది పద్మా. మనవాళ్లెవరో ఇచ్చి ఉంటారు. ఇంకా జనవరి పేజీ మీదే ఉంది. లేచి వెళ్లి ఒక్కొక్క పేజీ తిప్పుతూ నవంబరు దగ్గర ఆగాడు. తర్వాత అనుదీప్ మీద నేను రాసిచ్చిన కాగితం తీసి నా ముందుకు తోశాడు. దాని మీదే, తప్పు నాది, ఏ ఆధారం లేకుండా రాశాను అని రాసి సంతకం పెట్టాను. జీపు తాళం ఆ సాయంత్రమే ఇచ్చేశారు. నేను మీ అమ్మగారింటికి వెళ్లాను. మీ అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది, లోపలికి రమ్మనలేదు. రమ్మని ఉంటే ఇంకా సిగ్గుపడేదాన్ని. అనుదీప్ "పోనీ అక్కా" అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు నీ సంగతి. నిన్ను క్షమాపణ అడుగుతున్నాను, పూర్తిగా, ఏ "కానీ" లేకుండా. నిన్ను అడగకుండా నీ మీద అంత పెద్ద నింద వేశాను. నీ తమ్ముణ్ణి అందులోకి లాగాను. దీనికి నువ్వు నన్ను జన్మలో పలకరించకపోయినా నేను నోరెత్తను.

అది అయిపోయింది. ఇది వేరే. నాన్న తెలియక చేశాడు. నేను తెలియక రాశాను. నువ్వు తెలిసి ఊరుకున్నావు పద్మా. జనవరి నుంచి తెలుసు నీకు. ఇరవై క్యాలెండర్లు ఊళ్లో తిరుగుతున్నాయని తెలుసు. నాకు చెప్పొద్దన్నాడు నాన్న, సరే. నా నవ్వు చెడకూడదని మీరిద్దరూ మాట్లాడుకుని ముచ్చటగా దాచారు. నాకు ముప్పై మూడేళ్లు. నా గుండె మరీ అంత గాజుదేమీ కాదు. నా వెనక మా నాన్నతో కూర్చుని నాకేది తెలియాలో తెలియకూడదో నిర్ణయించావు చూడు, ఇంట్లో వాళ్లు నాకు చేసేదే నువ్వూ చేశావు. ఆ ఇంటి నుంచి పారిపోయి నీతో కొండలెక్కానే. కడుపు రగిలిపోయేది అక్కడే.

నాకు చెప్పకపోతే మానె. నిన్న నాన్నా నేనూ జోడుమెట్ట కింది ఊరికి వెళ్లాం. నాన్నకి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, జీవితంలో ఎప్పుడూ మెట్ట ఎక్కలేదు. మేకలు మళ్లీ పైకి వెళ్తున్నాయి, తాత వాటి వెంటే పైన ఉన్నాడన్నారు. "నువ్వు కిందే ఉండు, నేను వెళ్లి చెబుతాను" అన్నాను. వినలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ప్రతి పది అడుగులకీ ఆగి, కండువాతో మొహం తుడుచుకుంటూ ఎక్కాడు. తాత మమ్మల్ని దూరం నుంచి చూసి లేచి నిలబడ్డాడు. నాన్న ఆయన కాళ్ల మీదికి వంగబోయాడు. తాత భుజాలు పట్టి ఆపేశాడు.

"ఏటి బాబూ ఇది, కూకో ముందు. ఊపిరి తీసుకో" అని తన కుండలోంచి గంజి పోసి ఇచ్చాడు. గేట్ బజార్‌లో హోటలు కాఫీ కూడా ముట్టని మా నాన్న ఆ గంజి మొత్తం తాగాడు.

నేను అంతా చెప్పాను. చీటీ, డబ్బా, క్యాలెండరు, అనుదీప్, నువ్వు. ఏదీ దాచలేదు. అంతా విన్నాక తాత అన్నాడు.

"నాకు సదువు రాదు గదమ్మా. నోరు మూసుకుంటే సాలనుకున్నాను. రాసీడం అని ఒకటుంటాదని నాకు తట్టనేదు. తట్టుంటే అదీ అనిపించీవోన్ని మీసేత."

నా మీద కోపం లేదట. నాన్న మీద అసలే లేదట. ఆ గుడ్లగూబల జంట ఎక్కడికీ పోలేదని, ఇంకో చోటు చూసుకున్నాయని చెప్పాడు. నేను తలెత్తాను. ఆయన నా కళ్లల్లోకి సూటిగా చూసి, "ఎక్కడో నాకు తెలుసు. నీకు సెప్పను" అన్నాడు. నా చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. "సెప్పకు తాతా" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ మాట అనగలిగినందుకు కాస్త ఊపిరి అందింది.

లేచి వచ్చేస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచాడు. నీ గురించి అడిగాడు. తిట్టలేదు పద్మా, నీ మీద ఒక్క చెడ్డ మాట అనలేదు. మోపెడ్ మీద ఊళ్లు తిరిగి కాగితాలు చించావని విని, "పాపం, ఎంత తిరిగిందో" అన్నాడు. తర్వాత తల గోక్కుని, అర్థంకాని లెక్క అడిగే పిల్లాడిలా అడిగాడు.

"మరి ఆ పాపకి సంకురాత్రికే తెలిసింది గదా. ఊరంతా తిరిగింది. నా కాడికి ఎందుకు రానేదు? ఒక్క మాట సెప్పుంటే ఆ బండ కిందే పడుకునీవోన్ని గదా నాను."

నాన్న తల దించుకున్నాడు. నాన్నకీ అది తట్టలేదని అప్పుడు తెలిసింది నాకు. నా నవ్వు గురించి మీరిద్దరూ ఎంతో ఆలోచించారు. ఆ ముసలాయన గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆయన మాత్రం, చెబితే పిల్లలు ఎగిరేదాకా బండ కింద పడుకునేవాడు.

తాతకి నేను జవాబు చెప్పలేదు. నీ తరఫున చెప్పే హక్కు నాకు లేదు, నీ తరఫున చాలా చెప్పేశాను ఇప్పటికే. ఆయన రోజూ పొద్దున్నే మేకల్ని తోలుకుని మెట్ట ఎక్కుతాడు, మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటాడు. వెళ్లి నువ్వే చెప్పు. నన్ను తోడు రమ్మంటే వస్తాను, వద్దంటే దూరంగా ఉంటాను. నాతో మాట్లాడటం తర్వాత చూసుకుందాం. ముందు ఆయనతో మాట్లాడు.

ఇంకా నీ,
వాసవి